చూరు కింద పడవ

గోదావరికి వరదొచ్చిన రోజున పడవ ఉన్న ఇల్లు వేరు, పడవ లేని ఇల్లు వేరు. పాలకొల్లు చుట్టుపక్కల వాళ్లకు ఈ మాట నేను చెప్పక్కర్లేదు. యలమంచిలి మండలంలో కనకాయలంక, పెదలంక, దొడ్డిపట్ల వైపు వాళ్లకూ, ఆచంట మండలంలో అయోధ్యలంక, మర్రిమూల, పెదమల్లం వైపు వాళ్లకూ అసలే చెప్పక్కర్లేదు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. చాలాసార్లు ఆ హెచ్చరిక రాకముందే ఇక్కడ పల్లపు కాజ్‌వేలు మునిగిపోతాయి. పాల క్యాన్లు ఆగిపోతాయి, పసిపిల్లకు జ్వరమొస్తే మందుకు వెళ్లే దారి ఉండదు. అప్పుడు అందరి చూపూ పడవ మీదికే పోతుంది. వరద లేని మిగతా నెలల్లో ఆ పడవ ఎక్కడ ఉంటోంది, ఎలా ఉంటోంది అన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్న సంగతి.

చాలా ఇళ్లలో అది ఎక్కడుంటుందో మనకు తెలుసు. కొబ్బరిచెట్టు కింద బోర్లించి ఉంటుంది, లేదా గడ్డిమేటు పక్కన మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. రొయ్యల చెరువుల్లో, చేపల చెరువుల్లో మేత వేసే చిన్న ఫైబర్ పడవలైతే పని లేని రోజుల్లో గట్టు మీదే పడి ఉంటాయి. పైనుంచి ఎండ, కిందనుంచి చెమ్మ. చెక్కకు చెదలు పడతాయి. ఫైబర్‌కు ఎండ తగిలి పైపూత పొడిలా రాలుతుంది, లోపలి గాజు పోగులు బయటపడతాయి. బోర్లించిన పడవ మీద కొబ్బరికాయ పడితే బీట వస్తుంది. ఆ బీట కంటికి కనబడదు, నీళ్లలో దించాకే కనబడుతుంది. నీళ్లలో దించేది వరద రోజున. అంటే పడవలో లోపం ఉందని మనకు తెలిసే రోజూ, ఆ పడవ లేకుండా గడవని రోజూ ఒకటే అవుతోంది.

దీనికి మార్గం మన ఇంట్లోనే ఉంది. ప్రతి ఇంట్లోనూ ఎవరూ వాడని జాగా ఒకటుంటుంది, అది తల పైన. పశువుల పాకలో, సావిట్లో, ఇప్పుడు కొత్తగా కడుతున్న కారు షెడ్లలో, నేలంతా సామానుతో నిండి ఉన్నా, తలకీ కప్పుకీ మధ్య జాగా ఖాళీగానే ఉంటుంది. పడవను అక్కడికి ఎత్తాలి. ఎత్తడానికి గిలక ఉంది.

పడవను నేలకు ఎడంగా ఉంచడం మనం కనిపెట్టిన ఉపాయం కాదు. కయాక్ అనే సన్నటి పడవ పుట్టింది ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు దేశాల్లో. అక్కడి ఇన్యూట్ జనం చెక్క చట్రానికి సీలు చర్మం కప్పి దాన్ని చేసేవారు. వాళ్లు ఆ పడవల్ని రాళ్లు పేర్చిన దిమ్మెల మీదో, కర్రలు పాతిన మంచెల మీదో ఎత్తున పెట్టేవారు. కింద వదిలితే బండి లాగే కుక్కలు ఆ చర్మాన్ని కొరికి తినేస్తాయి. ఇవాళ ఆ కయాక్‌ను ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లకు వెళ్లి వచ్చినవాళ్లు చూసే ఉంటారు, కారు పెట్టే గదిలో పైకప్పుకు రెండు గిలకలు, నాలుగు తాళ్లు వేసి కయాక్‌ను వేలాడదీస్తారు. అక్కడ వాళ్లకది ఆదివారం సరదా. ఇక్కడ మనకు ఇంటిల్లిపాదికీ ఆధారం. కాబట్టి వాళ్ల పద్ధతిని ఉన్నదున్నట్టు తీసుకోకూడదు, మన అవసరానికి మార్చుకోవాలి. ఏమేం మార్చాలో చెబుతాను.

ముందు గిలక సంగతి. బావి దగ్గరి గిలక మన బరువు తగ్గించదు. బక్కెట్టు పది కిలోలుంటే పది కిలోల బలం పెట్టి లాగాల్సిందే. పైకి ఎత్తే పనిని కిందికి లాగే పనిగా మార్చడమే అది చేసే ఉపకారం. అది చిన్న ఉపకారమేమీ కాదు, కిందికి లాగేటప్పుడు మన ఒంటి బరువు మనకు సాయం వస్తుంది. అయితే గిలకను పైన దూలానికి కాకుండా ఎత్తే వస్తువుకే కట్టి, తాడు ఒక కొనను దూలానికి బిగించి, రెండో కొనను ఆ గిలక కిందుగా తిప్పి లాగితే, బరువులో సగం దూలమే మోస్తుంది. మనకు మిగిలేది రెండో సగం. ముప్ఫై కిలోల పడవకు పదిహేను కిలోల లాగుడు చాలు, రాపిడి కలుపుకున్నా పద్దెనిమిదో ఇరవయ్యో. దానికి బదులుగా తాడు రెట్టింపు లాగాలి. పడవ ఏడడుగులు లేవాలంటే పద్నాలుగు అడుగుల తాడు చేతికి రావాలి. పద్నాలుగేళ్ల పిల్ల కూడా ఒంటరిగా ఆ పని చేయగలదు. వరద రాత్రి ఇంట్లో మగవాళ్లు గట్టు మీద ఇసుక బస్తాలు మోస్తూ ఉండొచ్చు. ఇంట్లో ఉన్న అమ్మాయి ఒక్కతే పడవ దించగలగాలి.

ఇలా గిలకలు ఎన్ని కలిపితే అంత బలం కలిసొస్తుందని రెండువేల రెండువందల ఏళ్ల కిందటే ఆర్కిమెడీస్ చేసి చూపించాడట. సరుకూ మనుషులూ ఉన్న మూడు తెరచాపల ఓడను, ఒడ్డున కూర్చుని, గిలకల తాడు పట్టి, ఒక్కడే తనవైపు లాగాడని ప్లూటార్క్ రాశాడు. పెద్ద తెరచాప ఓడలకు గిలకలు లేకపోతే పని జరగదు. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ రేవులో మార్క్ బ్రునెల్ అనే ఇంజనీరు ఓడల గిలకలు చేయడానికే యంత్రాలు కట్టాడు. 1808 నాటికి ఆ కార్ఖానాలో ఏడాదికి 1,30,000 గిలకలు తయారయ్యేవి. మన వైపూ ఈ విద్య పాతదే. పదిహేడో శతాబ్దంలో నరసాపురం, మాధవాయిపాలెం రేవుల దగ్గర సముద్రపు ఓడలు కట్టేవారు. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు ఇక్కడి కలపనూ ఇనుప పనినీ పనివాళ్లనూ మెచ్చుకుంటూ రాసుకున్నాడు. డచ్చివాళ్లు పాలకొల్లులో స్థావరం పెట్టుకున్నదీ ఆ కాలపు వ్యాపారం కోసమే.

తాళ్లతో బరువులెత్తే నేర్పు ఇప్పటికీ మన జిల్లాల్లో బతికే ఉంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. ఆ విషాదం ఎవరూ మరిచిపోలేదు. అంత లోతులో, అంత వరదలో పడివున్న బోటును అక్టోబరు 22న పైకి తెచ్చింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. ఇనుప తాళ్లు, లంగర్లు, నీటి లోపలికి దిగగల మనుషులు, ఓర్పు ఆ పనికి ఆధారమయ్యాయి. ఆ పని ముందు మన ఇంటి పడవ ఎంత?

ఇక మన షెడ్డులోకి వద్దాం. మొదట చూడాల్సింది గిలక వేలాడే చోటు. రేకులకు కట్టకూడదు, రేకులు మోసే సన్న కమ్మీలకూ కట్టకూడదు. దూలానికే కట్టాలి. పాత ఇళ్లలో ఉయ్యాల బల్ల వేలాడదీసిన ఇనుప కొక్కేలు ఇంకా దూలాలకు ఉంటాయి. ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుని ఊగినా చెక్కుచెదరని కొక్కేలవి. వాటి మధ్య దూరం సరిపోతే అంతకన్నా మంచి పట్టు దొరకదు. ముదురు తాటిదూలమైనా పర్వాలేదు, లోపల డొల్ల పడలేదని సుత్తితో కొట్టి చప్పుడు విని చూసుకోవాలి. కొబ్బరి దూలాన్ని నేనైతే నమ్మను. శ్లాబు ఇల్లు కట్టుకునేవాళ్లు కాంక్రీటు పోసే ముందే చెప్పి ఇనుప చువ్వలకు చుట్టి రెండు కొక్కేలు పెట్టించుకోవాలి. ఫ్యాను కొక్కేనికి పడవ వేలాడదీయవద్దు, అది ఫ్యాను బరువుకు పెట్టింది.

పడవను ఎక్కడ పట్టుకోవాలన్నది రెండో సంగతి. కయాక్‌కు రెండు కొసలా చేతిపిడులు ఉంటాయి. వాటికి తాళ్లు కట్టి వేలాడదీస్తే నడుము వంగిపోతుంది. రోహిణి కార్తె ఎండలకు రేకుల కింద ప్లాస్టిక్ మెత్తబడుతుంది, ఒక్క వేసవిలోనే పడవ అరటిపండులా వంపు తిరుగుతుంది. ఒక్కో కొన నుంచి పడవ పొడవులో నాలుగో వంతు లోపలికి జరిగి పట్టీలు వేయాలి. పదకొండు అడుగుల పడవకు పట్టీల మధ్య ఐదున్నర అడుగులు ఉంటుంది. పట్టీకి సన్నటి తాడు వాడితే అడుగున గాడి పడుతుంది. మంచాలకు అల్లే వెడల్పాటి నైలాన్ నవారును రెండు మడతలు వేసి కుట్టిస్తే బాగుంటుంది. లారీల మీద సరుకు బిగించే బెల్టు ఇంకా మంచిది. పడవకూ రేకులకూ మధ్య కనీసం రెండడుగులు వదలాలి. రేకు వేడి పడవకు చేరకూడదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కాస్త శ్రద్ధగా వినమని కోరుతున్నాను. గిలకలతో పడవ ఎత్తేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. దొడ్డిపట్లలో ఒక రైతు ఇంటి సావిట్లో చూశాను. ఒకే తాడు తీసుకుని ముందు పట్టీ గిలక గుండా, వెనక పట్టీ గిలక గుండా తిప్పి లాగుతున్నారు. పడవ నాలుగడుగులు లేచేసరికి మూతి జర్రున పైకి పోయింది, వెనక భాగం నేలకు తగిలింది. తాడు ఒకటే అయితే దానిలో లాగుడు రెండు చోట్లా సమానంగా ఉంటుంది. పడవ బరువు మాత్రం రెండు కొసల్లో సమానంగా ఉండదు. కూర్చునే పీట, తెడ్డు, సామాను ఉన్న వైపు బరువెక్కువ. తేలిక వైపు పైకి, బరువు వైపు కిందికి పోతాయి, మధ్యలో తాడు ఇటునుంచి అటు జారిపోతుంది. ఆ ఇంటికి వచ్చిన వడ్రంగి చూడగానే తాడును రెండుగా కోయించాడు. ముందు పట్టీ గిలకకు ఒక తాడు, వెనక పట్టీ గిలకకు ఒక తాడు. రెంటినీ దూలం మీద గిలకల గుండా ఒకే గోడ వైపుకు తెచ్చాడు. పడవను నేల మీద సమంగా ఉంచి, రెండు తాళ్లూ బిగువుగా లాగి పట్టుకుని, రెంటి కొసలనూ ఒకే ఇనుప కడియానికి ముడేశాడు. ఆ కడియం పట్టుకు లాగితే రెండు తాళ్లూ ఒకే కొలతలో వస్తాయి. దేని బరువు ఎంతైనా రెండు కొసలూ కలిసే లేస్తాయి. రసమట్టం పెట్టినట్టు లేచింది పడవ. చుట్టూ చేరినవాళ్లందరూ ఒక్కొక్కరూ ఒకసారి లాగి చూశారు.

ఆ తాడు ఎక్కడ కట్టాలన్నదీ ఆ వడ్రంగే చూపించాడు. మనం మామూలుగా గోడకు మోకాలెత్తున మేకు కొట్టి కడతాం. లంకలో అలా పనికిరాదు. షెడ్డులోకి నీళ్లొచ్చాక ఆ ముడి నీళ్ల కింద ఉంటుంది, చీకట్లో వెతుక్కోవాలి. గుండె ఎత్తుకు తగ్గకుండా, రెండు కొమ్ములున్న ఇనుప ముక్క బిగించి, తాడును దానికి ఎనిమిది అంకెలా చుట్టాలి. ముడి వేయకూడదు. బరువు మీద బిగిసిన ముడి, తడిస్తే ఇక ఊడదు, కత్తి వెతుక్కోవాల్సి వస్తుంది. ఎనిమిది అంకె చుట్లయితే ఎంత బరువు మీద ఉన్నా ఒక్కొక్క చుట్టూ విప్పుకుంటూ, తాడు రాపిడితో పడవను మెల్లగా దించవచ్చు. నరసాపురంలో పడవ సామాన్లు అమ్మే కొట్లలో ఇలాంటివి దొరుకుతాయి, లేదా కమ్మరి చేసి ఇస్తాడు.

కరెంటు మోటారుతో ఎత్తే యంత్రాలు కూడా వచ్చాయి. బటన్ నొక్కితే చాలు. లంక గ్రామాలకు అవి వద్దని నా గట్టి అభిప్రాయం. వరదొచ్చిన ఊళ్లో ముందు పోయేది కరెంటే. పడవ కావలసిన రాత్రి ఆ మోటారు పనిచేయదు. చేతితో లాగే తాడు ఎప్పుడూ పనిచేస్తుంది.

తాడు విషయంలో మన ప్రాంతం వాళ్లకు కొబ్బరి పీచు మీద మమకారం ఉంటుంది. నాకూ ఉంది. పాలకొల్లు కొబ్బరి వ్యాపారం మీద బతికిన ఊరు. కానీ తల మీద బరువు వేలాడదీసే పనికి పీచుతాడు వద్దు. వానాకాలపు చెమ్మకు అది లోపలే మగ్గుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. నైలాన్ చాలా గట్టిది కానీ సాగుతుంది, పైకి ఎత్తిన పడవ కొన్నాళ్లకు నాలుగు వేళ్లు కిందికి దిగుతుంది. ఎండ తగిలే చోట చవకరకం ప్లాస్టిక్ తాడు పెళుసెక్కుతుంది. సాగని పాలిస్టర్ తాడు ఈ పనికి తగినది. తాడు మందం గిలక గాడిలో సరిగ్గా కూర్చోవాలి. గాడి కన్నా సన్నగా ఉంటే పక్కకు జారి, గిలకకూ చట్రానికీ మధ్య ఇరుక్కుంటుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఇనుప గిలకకు ఏటా గ్రీజు పెట్టాల్సిందే. ఇంకో జాగ్రత్త. పడవ పైకి వెళ్లాక, లాగే తాడుతో సంబంధం లేకుండా, దూలం నుంచి విడిగా రెండు బెల్టులు పడవ కిందుగా వేసి తగిలించండి. తాడు తెగినా పడవ పడదు. కింద మోటారుసైకిలు ఉంటుంది, పిల్లలు ఆడుకుంటూ ఉంటారు.

అమెరికాలో చాలామంది కయాక్‌ను బోర్లించి గానీ పక్కకు ఒరగేసి గానీ వేలాడదీస్తారు, దుమ్ము పట్టకుండా. మన లంక ఇంట్లో మాత్రం వెల్లకిలాగే, నీళ్ల మీద ఎలా తేలుతుందో అలాగే వేలాడాలి. ఎందుకంటే అప్పటికే షెడ్డులో మోకాలి లోతు నీళ్లుంటే, తాడు వదలగానే పడవ నేరుగా నీళ్ల మీద కూర్చోవాలి, తిప్పే పని ఉండకూడదు. దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పుకోవచ్చు. అడుగున నీళ్లు పోయే బిరడా తీసి ఉంచాలి, లేకపోతే కప్పు కారిన చుక్కలు చేరి పడవ బరువెక్కుతుంది. ఆ బిరడాను అరలో పెట్టకండి. దించే ముందు బిగించడానికి చేతికందేలా దారం కట్టి పడవ పీటకే వేలాడదీయండి. తెడ్లూ, గెడ, నీళ్లు తోడే డబ్బా, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లూ పడవలోనే ఉండాలి. పాములు, ఎలకలు, కందిరీగలు ఎత్తైన చోట చేరతాయి కాబట్టి దించగానే చేయి పెట్టకుండా ముందు తెడ్డుతో తట్టి చూడాలి.

ఇదంతా ఫైబర్‌కూ ప్లాస్టిక్‌కూ చెప్పిన మాట. చెక్కలు అతికి చేసిన నాటు పడవ సంగతి వేరు. దాన్ని ఏడాది పొడుగునా గాలికి వేలాడదీస్తే చెక్క ఆరి కుదించుకుపోతుంది, అతుకులు నోళ్లు తెరుస్తాయి. దాన్ని నీడలో మొద్దుల మీద, నేలకు జానెడు ఎత్తున ఉంచి, అప్పుడప్పుడూ తడుపుతూ ఉండాలి. కొల్లేటిలో తాటి దోనెలు వాడేవాళ్లకు చెక్కకు నీటితో ఉన్న సంబంధం బాగా తెలుసు. పని లేనప్పుడు పడవను నీళ్లలోనే ముంచి ఉంచేవాళ్లు చాలా చోట్ల ఉన్నారు. అరవై డెబ్భై కిలోలు దాటిన పెద్ద ఫైబర్ పడవలకు కూడా ఈ ఇంటి గిలకలు చాలవు, వాటికి చైన్ కప్పీ కావాలి, దూలాన్ని ఇంజనీరు చూసి చెప్పాలి.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు సముద్రానికి వదిలారు. ఆనాడు ఇంటి కప్పుల మీద రాత్రిళ్లు గడిపినవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర మళ్లీ 71.3 అడుగులు వచ్చింది. అంత పెద్ద వరద ఆగస్టులో కాక జూలైలోనే వచ్చింది. పడవ తర్వాత చూసుకోవచ్చులే అనుకోవడానికి మనకు వ్యవధి లేదు. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరానికి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజులో పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలాలి, ధాన్యం ఎత్తాలి, ముసలివాళ్లను తరలించాలి. పడవకు బీట ఉందా, తాడు మగ్గిందా అని చూసుకునే తీరిక ఆ రోజున ఎవరికీ ఉండదు.

అందుకని మీ అందరికీ ఒక విన్నపం. ఏటా మృగశిర కార్తె వచ్చేలోగా ఒక సాయంత్రం పడవను కిందికి దించండి. దగ్గర్లోని కాలువలోనో చెరువులోనో ఒక గంట తేలనిచ్చి, అడుగున చెమ్మ వస్తోందేమో చూడండి. తాడు మొత్తం వేళ్ల మధ్య నుంచి జార్చి చూసి, ఎక్కడ నలిగినట్టు అనిపించినా కొత్తది వేయండి. తిరిగి పైకి ఎత్తేటప్పుడు మాత్రం మీరు లాగకండి. ఇంట్లో ఆడపిల్లల చేత, కోడళ్ల చేత, పెద్ద చదువుకు వెళ్లబోయే కుర్రాళ్ల చేత ఎత్తించండి, దించించండి. పడవ కింద కొబ్బరి రాశీ ధాన్యం బస్తాలూ పేర్చకండి, అక్టోబరు వెళ్లేదాకా ఆ జాగా ఖాళీగానే ఉంచండి.